పదును మాటల చీటీలు

విట్బీ
4 మార్చి 1889

జేబెజ్ బావకి,

నా చేతిరాత గుర్తుపట్టి, విప్పకుండానే పొయ్యిలో పెడతావేమోనని పైన చిరునామా మా పనిమనిషి చేత రాయించాను. ఎలాగూ విప్పావు కాబట్టి రెండు నిమిషాలు ఓపిక పట్టు.

హెస్టర్ అక్క పోయిన సంగతి నాకు నెల ఆలస్యంగా, అదీ షెఫీల్డ్ నుంచి ఇక్కడి రేవులో చేపలు కొనడానికి వచ్చిన వర్తకుడి నోట తెలిసింది. ఏడాది దాటింది. నీకు రాద్దామని ఎన్నిసార్లో కూర్చున్నాను. ఏం రాసినా అబద్ధంలా కనిపించి చించేశాను. సేత్‌ని పాతిపెట్టి వచ్చిన రోజున మీ గుమ్మంలో అడ్డంగా నిలబడి "మీ అక్క నీ మొహం చూడనంటోంది" అన్నావు. ఇరవై ఐదేళ్లుగా ఆ మాట దాటి నేను రాలేదు. ఆమె దగ్గర్నుంచి ఒక్క ముక్కా రాలేదు. ఆమెను తప్పు పట్టను. కన్నకొడుకు పోయాడు.

ఇప్పుడు పని మీద రాస్తున్నాను. రేవు కచేరీలో గుమాస్తాగిరీ అయిపోయింది. పాత మాటలు పోగుచేసి అచ్చువేసే సంఘం ఒకటుంది. దాని పెద్ద థర్కెల్ అనే పాదిరి. కత్తులు, కొడవళ్లు, ఫోర్కులు పదును పెట్టేవాళ్ల మాటలన్నీ ఒక పుస్తకంగా తెమ్మని, ఒకప్పుడు ఫోర్కు సానవాళ్ల సంఘానికి కార్యదర్శిని కదా అని నన్ను పట్టుకున్నాడు. నేను సాన ముందు కూర్చున్నది నాలుగేళ్లే. తర్వాతదంతా నోటి పని. నువ్వు పద్దెనిమిదేళ్లు రేజర్లు సానపట్టావు, ఆపైన గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివావు. ఆ మాటలూ తెలుసు, వాటి వెనకున్న పాత కాలపు అర్థాలూ తెలుసు. షెఫీల్డ్‌లో ఆ రెండూ తెలిసినవాడు ఇంకొకడు లేడు.

పద్ధతి ఇది. ఒక్కో మాటకు ఒక్కో చీటీ. మాట, అర్థం, తెలిస్తే పాత అర్థం. కింద ఒక వాక్యం ఉండాలి. అది కల్పించింది కాకూడదు, ఎవరో ఒకరు నిజంగా అన్నదై ఉండాలి. ఎవరన్నారో, ఏ సందర్భంలోనో, ఏ ఏడో రాయాలి. వాక్యం లేని చీటీ చెల్లదు. నవంబరులో అచ్చుకి ఇవ్వాలి.

రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

నెడ్


హాలిస్ క్రాఫ్ట్, షెఫీల్డ్
11 మార్చి 1889

మహారాజశ్రీ ఎడ్మండ్ ఓస్గథార్ప్ గారికి,

తమరి పనిమనిషి చేతిరాత తమరి చేతిరాత కన్నా బాగుంది. ఇకమీద అన్నీ ఆవిడ చేతే రాయించండి.

పాదిరిగారికి సానవాళ్ల మాటలు కావాలన్నమాట. మనుషులు బతికుండగా ఒక్క పాదిరీ మా గదుల్లో అడుగు పెట్టలేదు, బూట్లు పాడవుతాయని. ఇప్పుడు మాటలకు సమాధులు కడతారు కాబోలు. సరే. నాకు డెబ్బై ఒకటి. మన వృత్తిలో నలభై దాటినవాడు ఎదురైతే ఫోర్కులవాళ్లు దెయ్యాన్ని చూసినట్టు టోపీ తీసేవాళ్లు, మీకు గుర్తుండే ఉంటుంది. చెప్పడానికి నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి చెప్తాను.

ఒక్కటే షరతు. వాక్యాల్లో అక్షరం మార్చడానికి వీల్లేదు. పేర్లు తీసెయ్యడానికి వీల్లేదు. మావాడు సేత్ డంగ్‌వర్త్ ఎలా పోయాడో ఈ ఊళ్లో ఏ రాతిమీదా లేదు. మీ పుస్తకంలోనైనా ఉండాలి. నేను పోయేలోగా అది అచ్చులో చూడాలి. అందుకే మీ పని చేస్తున్నాను, మీ మీద ప్రేమతో కాదు.

మొదటి మూడు చీటీలు:

హల్. సానవాళ్లు పనిచేసే గది. పాత అర్థం: పందుల దొడ్డి. అర్థం మారింది, గది మారలేదు. వాక్యం: "హల్ తలుపు వేసెయ్యండి దొరా, దుమ్ము బయటికి పోతుంది. మా మధ్యాహ్న భోజనం అదే." ఫోర్కు సానవాడు జోనా క్రూక్, గదులు చూడ్డానికి వచ్చిన డాక్టరుతో, 1856.

కీన్. మంచి పదును గలది. పాత అర్థం: ధైర్యస్థుడు. ఆ మాట కత్తులకు అంటక ముందు మనుషులదే. వాక్యం: "కుర్రాడు పనికి కీన్‌గా ఉన్నాడు. వాళ్ల అయ్యలాగా పుస్తకాలు నాకడు." అదే జోనా, మా సేత్ గురించి, వాడికి పన్నెండేళ్లప్పుడు, 1852.

డల్. మొండిబారినది. పాత అర్థం: తెలివితక్కువవాడు. ఇదీ మనుషుల నుంచే కత్తికి వెళ్లింది. వాక్యం: "డల్ కత్తితో వేలు తెగుతుంది, డల్ కార్యదర్శితో వీధి వీధీ తెగుతుంది." జేబెజ్ డంగ్‌వర్త్, తమరు లేనప్పుడు, చాలాసార్లు, చాలా ఏళ్లు.

జేబెజ్ డంగ్‌వర్త్


విట్బీ
20 మార్చి 1889

బావా,

చీటీలు అందాయి. చదువుతుంటే జోనా గొంతు వినపడి లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయాను. మూడోది కూడా పాదిరికి పంపేశాను, నీ షరతు ప్రకారం. ఆయన నవ్వి, "ఈ కార్యదర్శి ఎవరు?" అన్నాడు. "చచ్చిపోయాడండి" అన్నాను.

నువ్వు మీరు మీరు అంటుంటే ఎవరో నా వెనక నిలబడి ఉన్నట్టుంది. తిట్టాలంటే నువ్వు అనే తిట్టు.

అక్కని ఎక్కడ పెట్టావు? సేత్ పక్కనేనా? చివర్లో బాధపడిందా? అది ఒక్కటి రాయి. చీటీ మీద కాదు, విడిగా.

నెడ్


హాలిస్ క్రాఫ్ట్
29 ఏప్రిల్ 1889

ఓస్గథార్ప్ గారికి,

సేత్ పక్కనే. కాళ్లు వాచాయి, తర్వాత పొట్ట, తర్వాత గుండె. మూడు వారాలు. బాధపడిందా అంటే, ఆవిడ బాధపడినట్టు నాకు ఎప్పుడూ కనపడనివ్వలేదు. అడిగారు కాబట్టి చెప్పాను. ఇక పని.

స్వార్ఫ్. తడి సాన కింద తొట్టిలో దిగే పసుపు రొచ్చు. కొంత రాయి, కొంత ఉక్కు. పాత అర్థం: అరగదియ్యగా రాలిన రజను. మీ పాదిరిగారికి ఇది బాగా తెలిసేలా రాయండి. రేజర్లు నీళ్లలో సానపడతారు. రజను రొచ్చై కిందికి దిగుతుంది. ఫోర్కులు పొడిగా సానపడతారు. రజను గాలిలో లేచి మనిషిలోకి దిగుతుంది. ఇంతే తేడా. నాకు డెబ్బై ఒకటి, మావాడికి ఇరవై మూడు. వాక్యం: "నాన్నా, దగ్గితే స్వార్ఫ్ పడుతోంది." సేత్ డంగ్‌వర్త్, పళ్లెం నాకు చూపించి, అక్టోబరు 1863. వాడు దాన్ని వేలితో నలిపి చూశాడు. గరగరలాడింది. "ఇంకా పదునుగానే ఉంది" అన్నాడు. అదీ రాయండి.

క్రాజిల్. ఉక్కు కాల్చే కొలిమి మూతకి స్వార్ఫ్ మెత్తుతారు. అది కాలి నల్లటి పెచ్చులు కడుతుంది, అంచులు గాజుముక్కల్లా ఉంటాయి. షావుకార్లు వాటిని తోట గోడలమీద పేర్పించుకుంటారు, ఎవరూ ఎక్కకుండా. వాక్యం: "మన మగాళ్ల సానల కింద రాలిందే కదా ఇది. మనల్నే లోపలికి రానివ్వదు చూడు." హెస్టర్ డంగ్‌వర్త్, ఎక్లెసాల్ రోడ్డులో ఒక గోడ మీద చెయ్యి పెట్టబోయి తీసేసి, పక్కింటావిడతో, 1870.

మా ఇంట్లో అక్షరం రానిది ఆవిడ ఒక్కతే. వాక్యాలు ఆవిడవే బాగుంటాయి.

డంగ్‌వర్త్


విట్బీ
2 జూన్ 1889

బావా,

పాదిరి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "మాటలు అమూల్యం, వాక్యాలు మాత్రం కాస్త బరువుగా ఉన్నాయి. పాఠకుడికి అర్థం తెలిస్తే చాలదా, పళ్లెం ఎందుకు?" అని. మార్చనని రాశాను. మారిస్తే నేను తప్పుకుంటానని కూడా రాశాను. నన్ను డల్ అన్నా, ఇంత పదును ఇంకా మిగిలింది.

పదును పెట్టడం అనే మాటకే నువ్వింకా చీటీ పంపలేదు. వెట్. పుస్తకానికి అది మూలస్తంభం లాంటిదని పాదిరి అడుగుతున్నాడు. కానీ బావా, ఆ ఒక్కటీ వదిలేద్దాం. దానికి నువ్వు ఏ వాక్యం రాస్తావో నాకు తెలుసు. కొడవళ్ల వాళ్లనెవర్నైనా అడిగి, పొలంలో అన్న మాట ఒకటి తెచ్చి పెడతాను. ఆ సోమవారం జోలికి వెళ్లొద్దు. నీ మంచికే చెప్తున్నాను.

నెడ్


హాలిస్ క్రాఫ్ట్
15 జులై 1889

నెడ్,

నువ్వు అని తిట్టమన్నావు. తిడుతున్నాను.

నా మంచికా? పాతికేళ్లు దాటాక నా మంచి నీకు గుర్తొచ్చిందా? నేను ఈ పనికి ఒప్పుకున్నదే ఆ ఒక్క చీటీ కోసం. మిగిలినవన్నీ దానికి కట్టిన మెట్లు. ఇదిగో.

వెట్. సాన మీద పదును పెట్టడం. పాత అర్థం: అదే, దానితోపాటు మనుషుల్ని ఎగదొయ్యడం. పాత కాలంలో కత్తినీ మనిషినీ ఒకే మాటతో పదును పెట్టేవాళ్లు. వాక్యం: "ఆవేళ నెడ్ ఓస్గథార్ప్ కాగితం పట్టుకుని మమ్మల్ని వెట్ చేశాడు, మేం పోయి మా గొంతులు మేమే కోసుకున్నాం." జోనా క్రూక్, చావుకి పది రోజుల ముందు, నాతో, 1859.

పాదిరికి ఏ కాగితమో తెలియదు కాబట్టి నువ్వే వివరంగా రాయి. రాయలేకపోతే నేను రాస్తాను. 1857. ఎవరో డాక్టరు గోల పెట్టాడని, మావాడు పనిచేసే ఫోర్కుల హల్‌లో దాని యజమాని దుమ్ము లాగే ఫ్యాను పెట్టించాడు. సాన తిరిగే ఇరుసు నుంచే దానికో బెల్టు. దుమ్ము చెక్క గొట్టంలోంచి బయటికి పోయేది. ఆరు నెలలు నడిచింది. ఒకరోజు మావాడు ఇంటికొచ్చి, "అమ్మా, ఇవాళ రొట్టె రొట్టెలా ఉంది. ఇన్నాళ్లూ ఇసుకలా ఉండేది" అన్నాడు. హెస్టర్ ఇంకో ముక్క కోసి పెట్టింది.

అప్పుడు నువ్వు పబ్బు మేడమీద సభ పెట్టావు. నూట పది మంది. బల్లెక్కి చదివావు. ఫ్యాను ఉంటే సానవాడు యాభై ఏళ్లు బతుకుతాడు, అందరూ బతికితే ఒక్కో సానకి ఇద్దరవుతారు, అప్పుడు కూలి సగమవుతుంది, ఇవాళ మగవాణ్ణి దుమ్ము తీసుకుపోతే రేపు ఇంటిల్లిపాదినీ ఆకలి తీసుకుపోతుంది అని. ముప్పై ఏళ్లకు చచ్చేవాళ్లు, బతకొద్దని చెప్తే లేచి చప్పట్లు కొట్టారు. ప్రపంచంలో ఇంకే ఊళ్లోనైనా ఇది జరుగుతుందా? తరవాతి సోమవారం, సానవాళ్లు ఎవరూ పనిలోకి రాని రోజు చూసి, పట్టపగలు ముగ్గుర్ని పంపి ఫ్యాను బెల్టు తీయించావు. గొట్టం విరగ్గొట్టించావు. మంగళవారం మావాడు వెళ్లేసరికి గొట్టం పొయ్యిలో ఉంది. దానిమీద టీ కాస్తున్నారు.

ఆ నూట పదిమందిలో ఇవాళ ఒక్కడు లేడు. నువ్వు సముద్రపు గాలి పీలుస్తూ మాటలు ఏరుకుంటున్నావు.

అచ్చు వెయ్యి. నీ పేరుతో వెయ్యి. వెయ్యకపోతే పిరికివాడివని ఒప్పుకో, ఇచ్చిన చీటీలన్నీ తిరిగి పంపు.

జేబెజ్


విట్బీ
21 ఆగస్టు 1889

బావా,

నీ ఉత్తరం అయిదు వారాలు బల్లమీద పెట్టుకున్నాను. చదవడం మానేసిన రోజు లేదు.

అచ్చు వేస్తాను. సభ పెట్టింది నేను. చదివింది నేను. ముగ్గుర్ని పంపింది నేను. బెల్టు తెచ్చి నా ఇంట్లోనే పడేశారు, దాన్ని నేనే చెరువులో పారేశాను. ఇందులో ఒక్కటీ కాదనను. నా పేరు వేస్తాను.

కానీ షరతు నువ్వే పెట్టావు. అక్షరం మార్చకూడదు, పేర్లు తీసెయ్యకూడదు. జోనా అన్న వాక్యంలో "కాగితం పట్టుకుని" అని ఉంది. ఆ కాగితం ఎవరు రాశారో రాయకపోతే చీటీ పూర్తవదు కదా.

సభ అయ్యాక ఆ కాగితం కాల్చెయ్యమన్నావు. కాల్చలేదు. అబద్ధమెందుకు, భయపడి దాచాను, ఎప్పుడైనా నా మెడకి చుట్టుకుంటే చూపించుకోవచ్చని. నాలుగు పేజీలు. అంతా నీ చేతిరాత. కొట్టివేతలు కూడా నీవే. "ఆకలి చావు" అని రాసి కొట్టేసి "ఇంటిల్లిపాదినీ ఆకలి తీసుకుపోతుంది" అని దిద్దావు. అది బాగుందని నాకు చెప్పావు. "నువ్వు చదువు, నా తుంటి విరిగింది, బల్ల ఎక్కలేను" అన్నావు. నేను అంత లెక్క కట్టగలవాణ్ణి కాదు బావా. మనుషులు ఎక్కువైతే కూలి తగ్గుతుందన్నది నువ్వు పుస్తకాల్లో చదివింది. నాకు నాలుగేళ్ల సాన తప్ప ఏం తెలుసు?

సేత్ పోయాక ఈ కాగితం తీసుకునే మీ ఇంటికి వచ్చాను, ఆ రోజు, కోటు జేబులో పెట్టుకుని. గుమ్మంలో నువ్వు ఆ మాట అన్నావు. చూపించేవాణ్ణే. లోపల అక్క ఉంది. కొడుకు పోయినదానికి మొగుణ్ణి కూడా లేకుండా చెయ్యాలా అనిపించింది. తమ్ముడు లేకపోయినా ఆడది బతుకుతుంది, ఆ ఇంట్లో నీతో బతకాలి కదా. తిరిగి వెళ్లిపోయాను. ఆమె నన్ను అసహ్యించుకుంటూ పోయిందంటే, సరే, దాని వల్ల ఆమెకి కొంచెం మనశ్శాంతి దొరికిందనుకున్నాను. ఇన్నేళ్లూ నేను బతికింది ఆ ఒక్క ఊహ మీద.

ఇప్పుడు ఆమె లేదు. ఎవరికీ దాచక్కర్లేదు. రెండు పేర్లూ వెయ్యనా, చీటీ చించెయ్యనా? నువ్వు చెప్పినట్టు చేస్తాను.

నెడ్


హాలిస్ క్రాఫ్ట్
30 సెప్టెంబరు 1889

నెడ్,

రెండు పేర్లూ వెయ్యి. నా పేరు ముందు వెయ్యి.

కాగితం నా చేతిరాతే. నేను మర్చిపోయాననుకోకు. మర్చిపోతే ఇంత కోపం ఇన్నేళ్లు నిలవదు. తుంటి విరిగి గ్రంథాలయంలో తుడిచే పనికి కుదిరాను. పుస్తకాల దుమ్ము దులుపుతూ చదివాను. ఆ దుమ్ము ఎవర్నీ చంపదనుకున్నాను. జనాభా, కూలి, ఆకలి, అన్నీ పేజీల్లో ఎంత శుభ్రంగా ఉండేవో. ఆ లెక్కలో కొడుకు పేరు ఎక్కడా రాదు. రాస్తున్నప్పుడు మావాడు పక్కగదిలోనే నిద్రపోతున్నాడు, వాడు నాకు తట్టలేదు. నిజం.

ఇంకో నిజం చెప్తాను, ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ మేడమీద నేను వెనక బెంచీలో కూర్చున్నాను. నూట పది మంది లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నీకు పడ్డాయని కుళ్లుకున్నాను. ఆరేళ్ల తర్వాత పాపం కూడా నీకే పడింది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

ఇక్కడితో ఆపెయ్యొచ్చు. నీకు నేను బాకీ తీర్చినట్టే కనపడుతుంది. కానీ నీ ఉత్తరంలో చివరి ముక్క నన్ను ఆపనివ్వలేదు. ఆమె నిన్ను అసహ్యించుకుంటూ పోయిందనీ, దాని వల్ల ఆమెకి మనశ్శాంతి దొరికిందనీ రాశావు.

నీ మొహం చూడనని హెస్టర్ అనలేదు. గుమ్మంలో ఆ మాట నేను కల్పించాను. నువ్వు లోపలికొస్తే ముగ్గురం ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. కూర్చుంటే ఆ కాగితం సంగతి వస్తుంది.

ఆమెకి తెలుసు. నెల తిరిగాక ఒక ఆదివారం నన్ను కూర్చోబెట్టి, "తమ్ముడికి ఉత్తరం రాయాలి. నేను చెప్తాను, నువ్వు రాయి" అంది. ఆమెకి అక్షరం రాదని నీకు తెలుసు. చెప్పింది. రాశాను. "చదువు" అంది. చదివాను. ఒక్క ముక్క వదల్లేదు. మడిచి, అంటించి, కోటు వేసుకుని పోస్టుకని బయల్దేరాను. వీధి చివరి దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఏడాది పాటు వారానికోసారి, "నెడ్ దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా?" అని అడిగేది. "లేదు" అనేవాణ్ణి. అది అబద్ధం కాదు కదా అని సర్దుకునేవాణ్ణి. తర్వాత అడగడం మానేసింది. నాతో మాట్లాడ్డమూ మానేసింది. బొగ్గులు అయిపోయాయనో, తలుపు వేసుకోమనో తప్ప.

పోయే ముందు నెలలో మళ్లీ కూర్చోబెట్టింది. ఆ రెండో ఉత్తరంలో ఒక్కటే మాట. "నువ్వు రాకపోయినా సరే నెడ్, బతికి ఉన్నావని ఒక ముక్క పంపించు." అదీ రాశాను. అదీ పోస్టు చెయ్యలేదు.

చింపడానికి చెయ్యి రాలేదు. రెండూ దీనితో పంపుతున్నాను. నన్ను క్షమించమని అడగను. నువ్వు క్షమిస్తే అవి ఇంకోసారి చప్పట్లే అవుతాయి, అవి కూడా నీకే పడతాయి.

జేబెజ్


(ఆ ఉత్తరంతో వచ్చిన రెండు పాత కాగితాల్లో మొదటిది)

హాలిస్ క్రాఫ్ట్
20 డిసెంబరు 1863

తమ్ముడు నెడ్‌కి అక్క హెస్టర్ చెప్పి రాయించినది.

నువ్వు గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయావని పక్కింటి మార్తా చెప్పింది. ఎందుకెళ్లిపోయావురా. నేను వెనక పెరట్లో వాడి చొక్కాలు ఉతుకుతున్నా. పిలిస్తే వినపడేది. వాడు పోయాక కూడా ఆ చొక్కాల్లోంచి పసుపునీళ్లు వస్తూనే ఉన్నాయి, మూడుసార్లు ఉతికినా.

నువ్వు చేశావని ఊళ్లో అంటున్నారు. నాకు తెలుసు ఆ కాగితం నువ్వు రాయలేదని. మూడు రోజులు మీ బావ మా వంటింటి బల్లమీదే రాశాడు. రాసేటప్పుడు పైకి చదువుకుంటాడు కదా. నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తూ విన్నా. రాయి జేబెజ్, ఆగకు, ఇదీ రాయి. బాగానే రాశాడనుకున్నా. ఇంట్లో చదువుకున్నవాడు, తెలిసే రాస్తాడులే అనుకున్నా. రొట్టె రుచి తెలిసిందని పిల్లాడు చెప్పింది నాకే. అప్పుడైనా నోరు తెరిచి ఉండాల్సింది. తెరవలేదు. ఆయన రాశాడు, నువ్వు చదివావు, నేను విన్నా. ముగ్గురం కలిసే చేశాం. నీ ఒక్కడి నెత్తిన పెట్టుకుని పోకు.

పండక్కి రా. రాలేకపోతే ఎండలొచ్చాక రా. ఈ ఇంట్లో వాడి మాట ఎత్తడానికి నాకు మనిషి లేడు. మీ బావ వాడి పేరు పలకడు.

ఇంక చాలు. చదువు జేబెజ్.


విట్బీ
9 అక్టోబరు 1889

హెస్టర్ అక్కకి,

నీ ఉత్తరాలు రెండూ నిన్న మధ్యాహ్నం అందాయి. బతికే ఉన్నాను.

గుమ్మం దగ్గర్నుంచి నీ మాట మీదే వెళ్లిపోయాననుకున్నాను. ఒక్కసారి నీ పేరు పెట్టి పిలవలేకపోయానా? పిలవలేదు. ఆ తప్పు బావ మీద పెట్టను, అది నాది. పిలిచి ఉంటే నువ్వు చేతులు తుడుచుకుంటూ వచ్చేదానివి.

పసుపునీళ్ల సంగతి నాకు తెలియదు. సేత్ చొక్కాలు తర్వాత ఏం చేశావో చెప్పలేదు.

నువ్వన్నట్టే ముగ్గురి పేర్లూ చీటీ మీద రాసి అచ్చుకి పంపాను. ఆయన రాశాడు, నేను చదివాను, నువ్వు విన్నావు అని. వాక్యం నీదే పెట్టాను. జోనాది తీసేశాను. పాదిరి ఒప్పుకోకపోతే పుస్తకం వెనక్కి తీసుకుంటాను.

ఎండలు వెళ్లిపోయాయి. అయినా శుక్రవారం రైలుకి వస్తున్నాను.

నీ తమ్ముడు నెడ్

బావా, అక్కకి చదవడం రాదు. నేను వచ్చేలోగా ఈ ఉత్తరం అక్కడికి తీసుకెళ్లి పైకి చదువు. వాళ్లిద్దరూ పక్కపక్కనే ఉన్నారన్నావు కాబట్టి వాడి పేరు కూడా పలుకు.